తోటను కాచుట, తమ్ముని కాచుట

పఠింపవలసిన భాగములు: ఆదికాండము 2:8-15, 4:1-10, సంఖ్యాకాండము 6:22-27, కీర్తనలు 104:10-23, యెహెజ్కేలు 34:17-19, రోమా 8:18-23



మెదక్ పట్టణమునకు 20 కిలోమీటర్లలోపు దూరమున, పాపన్నపేట మండలములోని నాగ్సాన్‌పల్లి చెంత, మంజీరా నది బండరాళ్ల నడుమ ఏడు పాయలుగా చీలి పారుచున్నది. అందువలననే ఆ స్థలమునకు ఏడుపాయల యని పేరు. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టిన ఈ నది మన ప్రాంతమునకు వచ్చి ఉత్తర దిక్కునకు మళ్లి, నిజాంసాగరమును నింపి, తుదకు గోదావరిలో కలియుచున్నది. ఏడుపాయలకు చేరువనే 1905లో కట్టబడిన ఘనపురం ఆనకట్ట యున్నది. దానినుండి బయలుదేరు మహబూబ్ నహర్, ఫతే నహర్ అను రెండు కాలువల క్రింద 20 వేల ఎకరములకు పైగా భూమి సాగగుచున్నది. మన సంఘములలో అనేక కుటుంబములు తినుచున్న అన్నము ఈ నీటిదే.

పరిశుద్ధ గ్రంథము తొలి పుటలలో కూడ ఒక నది చీలుచున్నది. ఏదెనులో బయలుదేరి తోటను తడిపి, అచ్చటనుండి నాలుగు శాఖలైన నది అది. నాలుగు శాఖలను గూర్చి చెప్పిన వెంటనే మోషే గ్రంథము మనుష్యుని పనిని గూర్చి చెప్పుచున్నది. దేవుడు నరుని ఆ తోటలో ఉంచినది ఊరక తిని తిరుగుటకు కాదు. ఆయన అతనికి రెండు పనులు అప్పగించెను. ఒకటి సేద్యము, రెండవది కాపు. ఈ నెల పాఠములో ఆ రెండవ పనిని గూర్చి, మన ఏడుపాయల ఒడ్డున కూర్చుండి ఆలోచింతము.

1. కాచుట అను మాట

సేద్యము ఎరిగిన మనకు కాపు అనగానేమో వేరుగా చెప్ప నక్కరలేదు. జొన్న పాలు పట్టినది మొదలు చేనిలో మంచె వేసి, చేత వడిసెల పట్టి, రాత్రింబగళ్లు కనిపెట్టువాడు కావలివాడు. మందను మేపి సాయంకాలము లెక్క చూచి దొడ్డికి తోలువాడు కాపరి. దున్నుటకు కొన్ని దినములు చాలును. కాచుటకు నిద్ర మానుకొనవలెను. పండించినవాడు కాయనియెడల పంట ఇల్లు చేరదు.

హెబ్రీ భాషలో ఈ కాచుట అను మాట మూడు ముఖ్య స్థలములలో వచ్చుచున్నది. మొదట ఆదికాండము 2:15లో మనుష్యుడు తోటను కాయవలెను. పిమ్మట ఆదికాండము 4:9లో కయీను తన తమ్మునికి తాను కావలివాడా యని దేవునినే ఎదురు ప్రశ్నించెను. మూడవది సంఖ్యాకాండము 6:24. ప్రతి ఆరాధన తుదను అయ్యగారు చేతులెత్తి పలుకు ఆశీర్వచనములో దేవుడే మనలను కాపాడువాడుగా ఉన్నాడు. తోటను కాచుట, తోడబుట్టినవానిని కాచుట, దేవునిచేత కాయబడుట, ఈ మూడును ఒకే మాట. ఇందులో ఏ ఒక్కదానిని విడదీసినను తక్కిన రెండును చెడును. ఈ పాఠమంతటి సారాంశము ఇదియే.

కయీను కథలో ఒక సంగతి గమనింపుడి. అతడు భూమిని సేద్యపరచువాడు. ఆదాముకు అప్పగింపబడిన మొదటి పని అతనియొద్ద నిలిచెను. రెండవ పని మాత్రము తప్పెను. హత్య జరిగినది అడవిలో కాదు, పొలములో.

2. అడవి మనకు చేయు పని

మెదక్‌నుండి సుమారు 15 కిలోమీటర్ల దూరమున పోచారం అభయారణ్యము ఉన్నది. నిజాము ప్రభువులు వేటాడిన అడవి అది. ఆలేరు వాగునకు అడ్డముగా కట్టి 1922లో పూర్తిచేసిన పోచారం చెరువు పేరిట దానికి ఆ పేరు వచ్చినది. 1952లో ప్రభుత్వము దానిని వన్యమృగముల సంరక్షణకు ప్రత్యేకించెను. దాని వైశాల్యము సుమారు 130 చదరపు కిలోమీటర్లు. చిరుతపులి, ఎలుగుబంటి, తోడేలు, నక్క, చుక్కల దుప్పి, కణుజు, మనుబోతు, నాలుగు కొమ్ముల కొండగొర్రె అచ్చటి నివాసులు. చలికాలమున హిమాలయములను దాటి పట్టెతల బాతులు ఆ చెరువునకు దిగును. జక్కవలును వచ్చును. ఆకాశ పక్షులు తమ కాలములను ఎరుగును గాని దేవుని జనులు ఆయన న్యాయవిధిని ఎరుగరని యిర్మీయా ప్రవక్త దుఃఖించెను (యిర్మీయా 8:7). ఆ బాతులను చూచినప్పుడెల్ల మనకు ఆ మాట గుర్తునకు రావలెను.

అదే 1952లో మన దేశములో చీతా అను వేటమృగము అంతరించినదని ప్రభుత్వము ప్రకటించెను. తిరిగి చీతాలను చూచుటకు 70 ఏండ్లు పట్టెను. 2022 సెప్టెంబరులో ఆఫ్రికాలోని నమీబియానుండి విమానములో తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలో విడిచిరి. పోగొట్టుకొనుటకు తుపాకి గుండు చాలెను, తిరిగి తెచ్చుకొనుటకు సముద్రము దాటవలసివచ్చెను.

మృగములు ఉండిననేమి, పోయిననేమి, మనకు కావలసినది నీరు గదా యని కొందరు అందురు. నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదో చూడుడి. చెట్టున్న గుట్టమీద వాన పడినప్పుడు మొదట ఆకులు దాని వేగమును తగ్గించును. నేలమీది ఎండుటాకులు దానిని పీల్చుకొనును. వేళ్లు తెరచిన సందులలో అది భూమిలోనికి దిగి, వాన వెలిసిన తరువాత నెలల తరబడి మెల్లగా ఊటగా బయటికి వచ్చి బావులను, వాగులను నింపును. బోడిగుట్టమీద పడిన వాన మాత్రము ఆ దినమే మట్టిని కడుగుకొని పరుగెత్తును. ఆ మట్టి చెరువుల అడుగున పూడికయై కూర్చుండును. గుట్టమీద చెట్టు కొట్టినవాడు, తెలియకయే, క్రింది ఊరి చెరువును కొంత పూడ్చినవాడగుచున్నాడు.

చెట్టునకు జంతువు అవసరము. నేరేడు, తునికి, మేడి, మర్రి పండ్లను తిని గింజలను దూరముగా విత్తునవి పక్షులు, కోతులు, ఎలుగుబంట్లు. దుప్పులు మితిమీరి మొలకలను మేసివేయకుండ అడ్డగించునది చిరుత. దేవుని తోటలో జీతము లేని పనివారు వీరు. నోవహుతో చేసిన నిబంధనలో దేవుడు మనుష్యులను మాత్రమే కాక పక్షులను, పశువులను, భూజంతువులన్నిటిని చేర్చెను (ఆదికాండము 9:9-10). ఆయన నిబంధనలో చేర్చిన దానిని మనము లెక్కలోనుండి తీసివేయ తగదు.

3. కాపు తప్పిన విధము

ఇతరుల తప్పు ఎంచుటకు ముందు మా తప్పును ఒప్పుకొందుము. ఒక ఏడు మేము యౌవనస్థులను వెంటబెట్టుకొని ఏడుపాయల ఒడ్డునకు వనభోజనమునకు వెళ్లితిమి. చెట్టు క్రింద ప్రార్థించితిమి, కీర్తనలు పాడితిమి. సృష్టి మహిమను గూర్చి చక్కని ప్రసంగమును వింటిమి. భోజనమైన తరువాత పళ్లెములు, గ్లాసులు, సంచులు అక్కడనే వదలి బండి ఎక్కబోతిమి. బర్రెలు మేపుకొనుచున్న ఒక ముసలివాడు దగ్గరకు వచ్చి, కోపము లేకుండ ఇట్లనెను: "అయ్యగారూ, మీ పాట మంచిగున్నది. గీ పళ్లాలు మాత్రం మా బర్రెలు తింటయి. నిరుడొకటి కడుపుబ్బి సచ్చింది. జర ఏరుకొని పోండ్రి."

మాకెవ్వరికిని నోట మాట రాలేదు. దిగి ఏరుకొంటిమి. ఆ దినపు అసలు ప్రసంగము ఆయనదే.

యెహెజ్కేలు 34వ అధ్యాయము మనము తరచుగా చదువుదుము. చెడ్డ కాపరులను గూర్చిన మాటలకు తల ఊపుదుము. అయితే 18, 19 వచనములలో దేవుడు కాపరులను విడిచి గొఱ్ఱెలతోనే మాటలాడుచున్నాడు. మీరు మంచి మేత మేసినది చాలక, మిగిలినదానిని కాళ్లతో త్రొక్కుచున్నారు. తేట నీరు త్రాగినది చాలక, మిగిలినదానిని కలగలుపుచున్నారు. వెనుక వచ్చు బలహీనమైన గొఱ్ఱెలు మీరు త్రొక్కినది మేసి, మీరు కలచినది త్రాగవలసి వచ్చుచున్నది అని ఆయన వాదము. ఇక్కడ తినుట, త్రాగుట తప్పుగా ఎంచబడలేదు. వెనుక వచ్చువానిని తలంపకపోవుటయే తప్పు.

ఏడుపాయలలో మహాశివరాత్రి జాతరకు లక్షల జనులు కూడుదురు. అచ్చటి దేవతను వారు వనదుర్గ యందురు. ఆ పేరులోనే వనము ఉన్నది. అడవిని కాచు విషయములో మన హిందూ సోదరులతో మనకు పేచీ యేమియు లేదు. వారును మనమును అదే నీరు త్రాగుచున్నాము, అదే ఒడ్డును పాడుచేయుచున్నాము. వారికి బోధింప బోవుటకు ముందు మన విందుల పళ్లెములను మనము ఏరుకొందము.

పారవేసిన తిండి వలన మరియొక కీడు గలదు. చెత్తకు వీధికుక్కలు మరగును. మరగిన కుక్కలు గుంపులై దుప్పి పిల్లలను తరుమును. కుక్కల కొరకు చిరుత ఊరి అంచునకు వచ్చును. వచ్చినది కుక్కతోనే ఆగక దొడ్డిలోని మేకను పట్టును. దారిన పోవుచు జాలిపడి కోతులకు అరటిపండ్లు విసరువారును మేలు చేయుటలేదు. మనుష్యుని చేతి తిండికి అలవాటుపడిన కోతి అడవిని మరచి, ఇంటి పెంకులెక్కి, కూరగాయల మడులలో దిగును.

వేసవి అగ్ని రెండవ ఆపద. ఇప్పపువ్వు ఏరుటకు నేల శుభ్రము కావలెనని కొందరు, తునికి లేత చిగురు రావలెనని కొందరు, కొత్త గడ్డి మొలచునని కొందరు నిప్పు పెట్టుదురు. ఆరని బీడీముక్క విసరువారు ఇంకను అనేకులు. ఆ మంటలో నేలమీద గూడు కట్టుకొన్న నెమలి గ్రుడ్లు కాలును, ఆ యేటి మొలకలన్నియు కాలును. తల్లిపక్షిని గూటిమీదనుండి పట్టుకొనకూడదని కూడ దేవుడు ధర్మశాస్త్రములో వ్రాయించెను (ద్వితీయోపదేశకాండము 22:6-7). అంత చిన్న గూటిని తలంచిన దేవుడు కాలిపోయిన గుట్టను చూడడా?

4. తమ్ముని మాట యేమి?

ఇంతవరకు చదివి, అడవిని కాచుట మంచిదేయని పట్టణములో నున్న మనము సులభముగా ఒప్పుకొందుము. ఒప్పుకొనుటకు మనకు ఖర్చు లేదు. ఖర్చు వేరొకరిది.

అడవి అంచు తండాలో పది మేకలున్న ఒక విధవను తలంచుకొనుడి. చిరుత రెండింటిని ఎత్తుకొనిపోయినయెడల ఆ యేటి పిల్లల చదువు పోయినట్లే. మక్కచేను పండించు కౌలు రైతును తలంచుకొనుడి. కోతకు పది దినముల ముందు అడవిపందుల మంద ఒక్క రాత్రిలో చేనంతయు దొర్లించినయెడల, అప్పు ఇచ్చినవాడు పందిని అడుగడు, రైతునే అడుగును. చిరుతను చూచి ఆనందించు హక్కు దేశమంతటిది, చిరుతకు మేక నిచ్చు భారము ఆ విధవదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పక అడవిని గూర్చి ప్రసంగించుట కయీను ప్రశ్నను మర్యాదగా మరల అడుగుటయే.

ఆ కష్టము చేతనే కొందరు చేనిచుట్టు తీగ కట్టి దానిలోనికి రాత్రివేళ కరెంటు వదలుచున్నారు. పందిని చంపుటకు పెట్టిన తీగ దుప్పిని, చిరుతను, పొరుగువాని ఎద్దును చంపుచున్నది. తెల్లవారుజామున నీరు కట్టుటకు వచ్చిన పొరుగువానిని, మరచి కాలు పెట్టిన యింటి యజమానుని సయితము చంపుచున్నది. తెలంగాణ పల్లెలలో ఇట్టి మరణములు పలుమారు జరిగినవి. పొలములో పడిన తమ్ముని రక్తము నేలలోనుండి మొఱ్ఱపెట్టుచున్నదని దేవుడు కయీనుతో చెప్పెను. ఆ తీగను కట్టిన చేయి మన సంఘములోని చేయి అయినను ఆ మొఱ్ఱ తగ్గదు.

104వ కీర్తన ఈ చిక్కుకు ఒక వెలుగు చూపుచున్నది. రాత్రి అడవిమృగములది, సూర్యుడు లేచినప్పుడు అవి తమ గుహలకు మరలును, అప్పుడు మనుష్యుడు సాయంకాలము వరకు తన పనికి బయలుదేరును అని ఆ భక్తుడు పాడెను. ఒకే నేలను దేవుడు ఇద్దరికి వేళ పంచి ఇచ్చెను. చిరుత సాధారణముగా రాత్రివేళ వేటాడును. కాబట్టి మేకలను పైకప్పుగల గట్టి దొడ్డిలో మూయవలెను. పొద్దుగూకిన తరువాత పిల్లలను ఒంటరిగా గుట్టవైపు పంపరాదు. చిరుత పశువును చంపినయెడల కళేబరమును కదల్పక, ఆలస్యము చేయక అటవీ ఉద్యోగులకు తెలుపవలెను. ప్రభుత్వము నష్టపరిహారము ఇచ్చును. కోపముతో కళేబరమునకు విషము పూయుట నేరము మాత్రమే గాక, దానిని తిను నక్కలను, పక్షులను, ఊరి కుక్కలను చంపు అవివేకము.

చట్టములును ఈ రెండు కాపులను వేర్వేరుగా చెప్పుచున్నవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మృగమును కాచుచున్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము తరతరములుగా అడవిలో బ్రతుకుచున్న బీదల హక్కును కాచుచున్నది. ఒకదానిని చేతబట్టి రెండవదానిని కొట్టువారు ఉన్నారు. రెండు చేతులతో రెంటిని పట్టుకొనుట క్రైస్తవుని పని.

5. మన పితరులు చూపిన దారి

ఈ రెంటిని కలుపుట అసాధ్యమని ఎవరైన అనినయెడల మన మెదక్ గుడి గోపురమును చూపుడి. కరవు కాలమున ఆకలితో వచ్చిన జనులకు ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు బిచ్చము వేసి పంపలేదు. రాయి మోయుటకు, సున్నము నూరుటకు పని ఇచ్చి, ఆ పనికి అన్నము పెట్టెను. 1914లో మొదలైన ఆ కట్టడము పదేండ్లు సాగి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. గుడి లేచెను, ఆకలిగొన్నవారు బ్రదికిరి. గుడి ముందా, కూడు ముందా యని ఆయన తర్కింపలేదు.

అడవి విషయములో మనకు అదే దారి చాలును. గుట్టమీద కందకము త్రవ్వుటకు, వేసవిలో అగ్నిని ఆపు బాటలు తీయుటకు, మృగముల నీటితొట్లు నింపుటకు, మొక్కల నారు పెంచుటకు చేతులు కావలెను. ఆ చేతులు అడవి అంచున ఉన్నవారివే కావలెను, ఆ కూలి వారికే చేరవలెను. అడవి నిలుచుటవలన తన పొయ్యి వెలుగుచున్నదని చూచినవాడు గొడ్డలి ఎత్తడు.

6. సంఘముగా మనము చేయదగినవి

మొదటిది, సంఘ విందులలో, పెండ్లిండ్లలో, వనభోజనములలో మోదుగ విస్తళ్లు, స్టీలు గ్లాసులు వాడుదము. విస్తరి కుట్టు స్త్రీకి నాలుగు రూకలు దొరకును, పశువు కడుపునకు కీడుండదు.

రెండవది, గుడి ఆవరణలలో అందమునకు మాత్రమే గాక పక్షులు తిను పండ్ల చెట్లను, అనగా నేరేడు, మేడి, ఉసిరిక చెట్లను నాటుదము. నాటిన దినమున ఫోటో తీయుట కాదు, మూడు వేసవులు నీరు పోయుట ముఖ్యము. సేద్యము ఒక దినము, కాపు మూడేండ్లు.

మూడవది, మార్చి మొదలు మే వరకు గుట్టకు నిప్పు పెట్టవద్దని ప్రతి గ్రామ సంఘములో చెప్పుదము. పొగ కనబడినప్పుడు కబురు పంపుట మన యువకులకు అప్పగింతము.

నాలుగవది, పంట పండుగ కానుకలలో ఒక భాగమును ఆ సంవత్సరము మృగములవలన పంటగాని పశువుగాని పోగొట్టుకొన్న కుటుంబమునకు, వారు ఏ మతస్థులైనను, ప్రత్యేకింతము. దరఖాస్తు వ్రాయ నేర్వనివారికి నష్టపరిహారపు కాగితములు వ్రాసి పెట్టుట చదువుకొన్నవారి కానుక.

ఐదవది, మన పొలములలో కరెంటు తీగ కట్టము, కట్టినవానితో ఏకాంతముగా మాటలాడుదము.

7. మనలను కాచువాడు

ఇవన్నియు చేసినను అడవి నిలుచునా? మన చేతులు చిన్నవి. 2025 ఆగస్టు నెలాఖరున మెదక్, కామారెడ్డి జిల్లాలలో కురిసిన కుండపోతకు పోచారం కట్టమీదుగా పెనువరద పొర్లినప్పుడు, మనుష్యుని బలమెంతటిదో అందరమును చూచితిమి. సింగూరు గేట్లెత్తిన ప్రతిసారి ఏడుపాయల ఏకపాయయై, గుడి వాకిలి మునుగుచున్నది. వేసవిలో అదే ఇసుకలో పశువులు నీటి చెలమ వెదకును. సృష్టి యావత్తు ప్రసవవేదన పడుచు మూలుగుచున్నదని పౌలు వ్రాసిన సంగతి మనకు ఇప్పుడు పుస్తకములోనే కాదు, నది ఒడ్డునను వినబడుచున్నది.

అయితే అది చావు మూలుగు కాదు, కానుపు మూలుగు అని అపొస్తలుడు చెప్పుచున్నాడు. సృష్టి దేవుని కుమారుల ప్రత్యక్షత కొరకు ఎదురుచూచుచున్నది. అనగా అది మన రాక కొరకు చూచుచున్నది. కావలివాడు వచ్చునా యని మంచె ఎదురుచూచినట్లు, మనము మనుష్యులుగా నడచుకొందుమా యని గుట్ట ఎదురుచూచుచున్నది. మొదటి ఆదాము తోటలో కాపు తప్పెను. రెండవ ఆదాము గెత్సేమనే తోటలో మెలకువగా ఉండి మనలను కాచెను. ఆయనచేత కాయబడినవారము గనుక మనము కాయగలము.

వచ్చు ఆదివారము అయ్యగారు ఆశీర్వచనము పలుకునప్పుడు, కాపాడును గాక అను మాట వద్ద ఒక్క క్షణము ఏడుపాయలను, అడవి అంచు తండాను తలంచుకొనుడి. ఆ మాట వినుటకు వంచిన తలతోనే ఆ పనికి లేచుదము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన గ్రామమున గుట్ట, చెరువు, వాగు అను మూటిలో గత 20 ఏండ్లలో ఏది ఎక్కువ మారినది? ఎందుచేత?

2. మనకు వెనుక నీరు త్రాగువారు ఎవరు? వారి నీటిని మనము ఏ విధముగా కలచుచున్నాము?

3. అడవిమృగములవలన నష్టపోయిన కుటుంబము మన ఊరిలో ఉన్నదా? సంఘము వారి యింటికి వెళ్లినదా?

ప్రార్థన

తోటను నాటిన తండ్రీ, నీవు మాకు అప్పగించిన కాపును మేము విడిచి నిద్రించితిమి. మేము త్రొక్కిన మేతను, కలచిన నీటిని క్షమించుము. గుట్టమీది మృగమునకు నెలవును, గుట్టక్రింది బీదవానికి అన్నమును కలుగజేయుము. ఒకరి నష్టముమీద ఒకరు బ్రదుకని దారిని మాకు నేర్పుము. మమ్మును కాచిన నీ కుమారుడైన యేసు క్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.